నోరున్నోడే అడవి దాటుతడు

రా బిడ్డా, నెగడు దగ్గరికి జరిగి కూసో. పొగ నీ దిక్కే వస్తుందని మొఖం తిప్పకు. పొగ ఎప్పుడూ అందమున్నోని దిక్కే పోతదని మా నాయనమ్మ అంటుండె. నా దిక్కు రావడం మానేసి చానా ఏండ్లయింది.

నల్లమలకు పోతున్నవట గదా దోస్తులతోని? టెంటు గూడ కొన్నవట? ఎంత పెట్టినవ్? అబ్బో, ఆ పైసలతోని మా కాలంల జత దుక్కిటెడ్లొచ్చి, ఊరందరికి దావతు గూడ అయితుండె. సరే, పో. దూరపు కొండలు నునుపు, దగ్గరికి పోతే గాని గరుకు తెల్వదు. పోయే ముందు మాత్రం ఎలుగుబంటి ముచ్చట విని పో. పులి ముచ్చట నీకు టీవోళ్లు చెప్తరు.

నల్లమలల పుట్టి పెరిగినోన్ని అడిగి చూడు, అడవిల నీకు దేని భయమని. పులి అనడు. పులి మనకన్న ముందే మనల్ని చూస్తది, చూసి తప్పుకుంటది. అడవిలనే ముసలోళ్లయినోళ్లకు గూడ పులి తోక కనపడక పాయె. ఎలుగు అట్ల కాదు. దానికి చూపు తక్కువ, వినికిడి అంతంత మాత్రం. ఉన్నదల్లా ముక్కే. గాలి మన దిక్కు నుంచి దాని దిక్కు పోతుంటె వాసన పట్టి పక్కకు జరుగుతది. గాలి తిరగబడ్డదా, నువ్వు పది అడుగుల దూరంల నిలబడ్డా దానికి ఎరుకుండదు. తల పుట్టల పెట్టి చెదలు తింటుంటది. నువ్వు చప్పుడు లేకుండ పోయి దాని మీద పడ్తవు. అది ఉలిక్కిపడి లేస్తది. పులులున్న అడవిల తరతరాల సంది బతికిన జంతువాయె. ఉరికి తప్పించుకునే కాళ్లు కావు దానియి, అందుకె నిలబడి కొట్లాడుడే నేర్చుకుందని జంతువుల చదువు చదివినోళ్లు చెప్తరు. మనల్ని తినాలని కాదు. మన పీడ వదిలించుకోవాలని కొడ్తది.

అందుకని అసలు ముచ్చట ఇంతే: నువ్వొస్తున్నవని దానికి ముందుగాల తెల్వాలె. మా కాలంల అడవిల పెట్టుకున్న కట్టుబాట్లన్నీ ఈ ఒక్క మాట చుట్టే తిరుగుతయి. అయిపోయింది గదా అని లేస్తున్నవా? కూసో కూసో. అసలు కంటె వడ్డీ ముద్దంటరు, వడ్డీ ఇప్పుడు మొదలైతది.

నాకు మీసాలు మొలుస్తున్నప్పుడు మన్ననూరు అవతల వెదురు కూపుల మున్షీగ కుదిరిన. నయా పైసలు వచ్చిన కొత్తలు, 1957 దాటి ఉంటది. అంతకు ముందు మాకు హాలీ సిక్కా ఒకటి, కల్దారు ఒకటి. ఏడు హాలీ రూపాయలిస్తె ఆరు కల్దార్లు. ఆ లెక్క ఒంటబట్టేసరికి రూపాయకు నూరు పైసలన్నరు. అణాకు ఆరుంబావు పైస పడాలె. పావు పైస ఎవడు చూసిండు? దుకాణం సేటు తాను కొనేకాడ అణాకు ఆరు పైసలంటుండె, అమ్మేకాడ ఏడంటుండె. చెంచులు తెచ్చిన కుంకుడుకాయలకు ఆరు, చెంచులు కొన్న ఉప్పుకు ఏడు. ఆ మిగులుతోనే సేటు మిద్దె లేపిండని కూలోళ్లు నవ్వుకుంటుండిరి. పోనీ, సేటు మిద్దె మనకెందుకు, ఎలుగు దగ్గరికొద్దాం.

కూలి రోజుకు రూపాయి, రూపాయింబావు. తినేది జొన్నరొట్టె, చింతతొక్కు. అన్నం పండుగకే. అంత మందికి ఒకటే బ్యాటరీ లైటు, మూడు సెల్లులది, అదీ మున్షీనని నా దగ్గర. సెల్లులంటె మాకు బంగారమే. పొద్దున తీసి ఎండల పెడ్తుంటిమి, రాత్రికి మళ్లీ బలమొస్తదని. వచ్చేదో రాకపోయేదో గాని, ఎండకు పెట్టినంక వెలుగు ఎక్కువైందని అందరం ఒప్పుకుంటుంటిమి. మీ ఫోన్ల వెలుగు అప్పట్ల ఉంటె కాంట్రాక్టరుకే కండ్లు చెదురుతుండె.

గుడిసెలు బోదగడ్డితోని కప్పినయి. జాగ చూసి చెప్పేది దగ్గరి పెంటల, అంటె చెంచుల గూడెంల, ఉండే ముసలాయన. మేమైతే నీళ్లు దగ్గరుంటె చాలనుకుంటుంటిమి. ఆయన ఒప్పుకోకపోతుండె. నీళ్లకు జంతువులు వచ్చే తొవ్వ మీద వద్దు, రేగుపొదల పక్కన వద్దు, పుట్టలున్న కాడ వద్దు, బండల సందున అసలే వద్దు. బండల సందు నీడగ ఉంటదని మనమనుకుంటం, చలికాలం అండ్లనే ఎలుగు పిల్లల్ని పెడ్తది. తల్లి పిల్లల్ని వీపు మీద ఎక్కించుకొని తిరుగుతది, బిడ్డా. మెడ కాడి జూలు పట్టుకొని రెండు పిల్లలు కూసుంటయి. చూస్తె ముద్దొస్తది. చూసేంత దగ్గరికి పోవద్దు.

గుడిసెల నడుమ నెగడు. ఇట్లాంటి పుల్లల మంట కాదు. లావు మొద్దులు మూడు తెచ్చి మొనలు కలుపుతరు, కాలినకొద్ది లోపలికి నూకుతరు. తెల్లారేదాక ఆరదు. నూకేటానికి వంతులుంటుండె. వంతు పడ్డోడు నిద్రపోకుండ పక్కోడు కథ చెప్పాలె, వంతోడు ఊ కొట్టాలె. నువ్విప్పుడు ఊ కొట్టకుండ ఫోన్ల చూస్తున్నవు. ఆ రోజులల్ల అయితె నీ వంతు రెండింతలు చేస్తుండిరి. నెగడుకు ఎలుగు భయపడ్తదా అని అడుగుతవు. భయం సంగతి ఎట్లున్నా, పొగ వాసన, మాటల చప్పుడు దానికి దూరం నుంచే చేరుతయి. మనుషులున్నరని తెలిసినంక దానికి అక్కడ పనేముంది?

ఒకసారి పట్నం దిక్కు నుంచి కొత్త మేస్త్రీ వచ్చిండు. తెల్ల ధోతి, పాలిష్ పెట్టిన చెప్పులు, మీసానికి నూనె. చీకటి పడ్డంక బయటికి పోతె దగ్గుకుంట పోవాలె, కట్టె తాటించుకుంట పోవాలె, ఒక్కరు పోవద్దని చెంచు ముసలాయన చెప్పిండు. మేస్త్రీ నవ్విండు. "నేనేమన్న దయ్యాలు పట్టినోన్నా, ఒక్కన్నే మాట్లాడుకుంట పోతానికి?" అన్నడు. ముసలాయన మారు మాట్లాడలె.

నాలుగొద్దులకు, ఇంక తెల్లారక ముందే, మేస్త్రీ ఇత్తడి చెంబు పట్కొని వాగు దిక్కు పోయిండు. మర్యాదస్తుడు గదా, అటు పోయేది ఎవరికీ తెల్వొద్దని మెల్లగ అడుగులేసిండు. వాగు మలుపు తిరిగిండో లేదో, నీళ్లు తాగి ఎక్కొస్తున్న ఎలుగు ఎదురు పడ్డది. అది రెండు కాళ్ల మీద లేచింది. రొమ్ము మీద తెల్లటి మచ్చ, బారెడు చేతులు, వేలంత గోర్లు. "వూఫ్" అన్నది. మేస్త్రీ చేతిల చెంబు జారి బండ మీద పడ్డది, ఖంగున. బండల మీద దొర్లుకుంట వాగు దాక మోగింది. ఆ చప్పుడుకు ఎలుగు అటు, మేస్త్రీ ఇటు. ధోతి కొస తుమ్మకంపకు చిక్కి అక్కడనే ఉండిపాయె.

తెల్లారి మేస్త్రీ ఏమీ కానట్టు హాజరు పిలిచిండు. గాని ఆ రోజు నుంచి ఆయన బయటికి పోతె గుడిసె నుంచి వాగు దాక చెంబు మీద ఉంగరంతోని టింగు టింగుమని కొట్టుకుంటనే పోతుండె. ఎవరికీ తెల్వొద్దనుకున్న సంగతి కూపుల అందరికీ రోజూ రెండు పూటలా తెలుస్తుండె. తనదాక వస్తె గాని తలనొప్పి తెల్వదంటరు, ఊకనే కాదు.

నవ్వు అయితె, ఇది గూడ విను. ముసలాయన అంత చెప్పిండంటె ఊకనే చెప్పలె. ఆయనకు ఒక కన్ను లేదు. కనుబొమ్మ నుంచి దవడ దాక ఒకటే గాటు. పడుచు వయసుల ఇప్పపువ్వు ఏరబోయిండట. ఎండకాలం మొదట్ల రాత్రిపూట పువ్వు రాల్తది, తెల్లారేసరికి చెట్టు కింద పరుపు పరిచినట్టుంటది. మనిషికి అది కావాలె, ఎలుగుకూ అదే కావాలె. ఇద్దరికీ వేళ గూడ ఒకటే. వంగి ఏరుకుంట పోయిన మనిషి తల ఎత్తలె, అవతల నుంచి తినుకుంట వచ్చిన ఎలుగూ తల ఎత్తలె. ఎత్తేసరికి మొఖాలు ఎదురెదురు. ఎలుగు కొడ్తె మొఖం మీదనే కొడ్తది, నెత్తి మీదనే కొడ్తది. అందుకె ఇప్పపువ్వుకు పోయేటోళ్లు తెల్లారి వెలుగొచ్చినంకనే, నలుగురైదుగురు కలిసి, మాట్లాడుకుంట పోవాలె. చెట్టు కిందికి పోయే ముందు ఒకసారి పైకి గూడ చూడాలె.

ఆయనతోని అడవిల నడిస్తె బడికి పోయినట్టే. నేల మీద గుంత కనపడ్తె ఆగుతుండె. పుట్ట తవ్వి ఉంటె మన్ను పిడికిట్ల పట్టి చూస్తుండె, తడి ఉన్నదా ఆరిందా అని. తడి ఉంటె వచ్చిన తొవ్వనే వెనుకకు. పెంటికల రేగుగింజలు, రేలగింజలు ఉంటె ఏ చెట్టు కింద తిని వచ్చిందో చెప్తుండె. ఒక రాత్రి నెగడు కాడ కూసున్నం, దూరం నుంచి ఒక చప్పుడు. ముందు బుస్సున ఊదింది, ఎనుక జుర్రుమని గుంజింది, మళ్లా ఊదింది. మాలో ఒకడు కొలిమి తిత్తి అన్నడు. అడవిల కొలిమి ఎక్కడిది? ఎలుగు చెదలు తింటున్నది. దానికి పై పండ్లల్ల నడుమ రెండు ఉండయి. ముక్కు రంధ్రాలు మూసుకొని, పుట్ట మీది మన్ను ఊది, పెదవులు సాపి ఆ సందుల నుంచి చెదల్ని జుర్రుకుంటది. నూరు గజాల అవతలికి విన్పిస్తది. అది తినేటప్పుడు అంత చప్పుడు చేస్తుంటె మన చప్పుడు దానికేం విన్పిస్తది చెప్పు? అందుకె మనం దానికంటె ఎక్కువ చప్పుడు చేయాలె.

తేనె కాడ గూడ చెంచులకు ఎలుగు పోటీనే. కొండ అంచున తేనెపట్టు తీయాలంటె తాడు కట్టుకొని లోయలకు దిగుతరు. పైన తాడు పట్టేది ఎవరనుకున్నవు? సొంత అన్నదమ్ముడు కాదు, బావమరిది. అన్నదమ్ముడైతె ఆస్తికో ఆడదానికో ఆశపడి తాడు వదులుతడేమో గాని, బావమరిది తన అక్కచెల్లెలు ముండమోయాలని చూస్తడా అని వాళ్ల లెక్క. హైమెండార్ఫ్ అనే దొర అమ్రాబాద్ గుట్టల మీది పెంటలల్ల ఉండి చెంచుల గురించి రాసిన పుస్తకం 1943ల అచ్చయింది. దొరే వచ్చి రాసుకున్నడు, ఇంత లోకం తెలిసిన చెంచును పట్టుకొని మనోళ్లు ఏమీ తెల్వనోడంటరు! ఏదో చెప్తూ ఏడికో పోయిన. నీ బావమరిది నీ తోని వస్తున్నడా టెంటుకు? వస్తె మంచిదే.

సలేశ్వరం జాతర చూసినవా? చైత్ర పున్నమికి లింగమయ్య దగ్గరికి వేల మంది పోతరు. ఇప్పుడు కొంతదూరం బండ్లు పోతయి, తర్వాత గుట్టలు దిగి నడుసుడే. మా కాలంల మొత్తం నడకనే. సద్దులు మూటగట్టుకొని, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకొని పోతుంటిమి. పోయేటప్పుడు అందరూ ఒకటే కేక, వస్తున్నం లింగమయ్యా అని. తిరిగొచ్చేటప్పుడు పోతున్నం లింగమయ్యా అని. లోయలోయంతా మోగుతుండె. భక్తి భక్తే, కాదన. గాని ఆ కేక ముందు లింగమయ్యకు ఇన్పిస్తదో ఎలుగుకు ఇన్పిస్తదో చెప్పు? అంత మంది అంత చీకట్ల నడిచినా జంతువు అడ్డం రాకపోతుండె. నోరు మంచిదైతె ఊరు మంచిదైతదంటరు. అడవిల నోరు ఉంటె చాలు, మంచిదే కావాలని లేదు.

మనిషి తిక్క చూడు. ఒక దిక్కు ఇంత భయపడ్తం, ఇంకో దిక్కు అదే ఎలుగు ఊర్లకు వస్తె ఎదురు పోతం. మా చిన్నప్పుడు గుడ్డెలుగును ఆడించేటోళ్లు వస్తుండిరి. ముక్కుకు తాడు, కాళ్లకు గజ్జెలు, డమరుకం. పిల్లలు జడుసుకుంటుంటె ఎలుగు మీద కూసోబెడ్తె భయం పోతదని అమ్మలు అణా ఇచ్చి ఎక్కిస్తుండిరి. దాని వెంట్రుక తాయెత్తుల పెట్టి కడ్తె ఇంకో రెండణాలు. నేనూ కట్టుకున్న. భయం పోయిందో లేదో గాని, ఆ ఎలుగు పండ్లు పీకి, ముక్కుల ఎర్రటి సూది గుచ్చి తాడు ఎక్కించిండ్రని పెద్దయినంక తెలిసింది. 1972 వన్యప్రాణుల చట్టం కింద దాన్ని కాపాడాల్సిన జంతువుల మొదటి పట్టికల పెట్టిండ్రు. అయినా ఆట బంద్ కాలె. దేశంల చివరి ఆట ఎలుగును 2009ల విడిపించిండ్రు. మనకు దానితోని ఉన్న భయం కంటె మనతోని దానికే ఎక్కువ భయముండాలె.

బడి పుస్తకంల ఇద్దరు దోస్తుల కథ చదివే ఉంటవు. ఒకడు చెట్టెక్కిండు, ఇంకోడు శ్వాస బిగబట్టి సచ్చినట్టు పండుకున్నడు, ఎలుగు వాసన చూసి పోయింది. ఆ కథ నమ్మి చెట్టెక్కకు. నీకన్న బాగ చెట్టెక్కుతది అది. తేనె కోసం కొసకొమ్మ దాక పోతది. ఉరుకుదామనీ చూడకు, నీ ఉరుకుడు దాని ఉరుకుడుకు సరిపోదు. దూరం నుంచి కనపడ్తె మెల్లగ మాట్లాడుకుంట, వీపు చూపకుండ, వెనుకకు వెనుకకు జరగాలె. దానికి పోయే తొవ్వ ఇడవాలె. మీద పడనే పడ్డదా, అప్పుడు పండుకోవాలె, కాని కథల లెక్క ఎల్లెలుకల కాదు. బోర్ల. మొఖం నేలకు, వేళ్లు కలిపి రెండు చేతులు మెడ వెనుక. సచ్చినోన్ని అది ముట్టదని కాదు, నీ మొఖం, నీ గొంతు దాని గోర్లకు అందకుండ. అది దూరం పోయిందని గట్టిగ తెలిసేదాక లేవొద్దు. ముసలాయన గూడ అట్లనే బోర్ల పడ్డంకనే అది ఇడిసిపోయిందట.

కుక్కను తీసుకపోతమంటున్నరా? వద్దు. అది మొరుక్కుంట పోయి ఎలుగును లేపుతది, లేపి, ధైర్యం చాలక నీ దగ్గరికే ఉరికొస్తది. దాని ఎనుక ఎవరొస్తరో నేను చెప్పక్కర్లేదు.

తిండి సంగతి. బెల్లం, తేనె, నూనె, మక్కిన పండ్లు నువ్వు పండుకునే కాడ పెట్టకు. గుడిల దీపం నూనె కోసం, కొబ్బరిచిప్పల కోసం ఎలుగు వచ్చిందని పేపర్లల్ల చూస్తనే ఉన్నవు గదా. గిన్నెలు తోమి, ఎంగిలి దూరంగ పారేసి పండుకోవాలె. మా కూపుల బెల్లం డబ్బ కాంట్రాక్టరు బండిల తాళం పెడ్తుండిరి. ఎలుగు భయం సగం, మా భయం సగం.

ఇప్పటోళ్లను చూస్తె నాకు ఎలుగు కంటె ఎక్కువ భయమైతది. చెవులల్ల పాటలు పెట్టుకొని, పెదవి కదపకుండ ఒక్కొక్కడు ఒక్కొక్క దిక్కు నడుస్తరు. అడవి నీ మాట వినదు, నువ్వు అడవి మాట వినవు. 2018ల ఒడిశాల నబరంగ్‌పూర్ దిక్కు ఒకాయన పెండ్లికి పోయి వస్తుంటె తొవ్వల గాయపడ్డ ఎలుగు కనపడ్డదట. దానితోని సెల్ఫీ దిగబోయి పానం పోగొట్టుకున్నడు. కోరి కొరివితోని తల గోక్కునుడంటె ఇదే. గాయపడ్డ జంతువు కనపడ్తె ఫారెస్టోళ్లకు ఫోన్ చేయి, దగ్గరికి పోకు.

ఇంకోటి. అమ్రాబాద్ అడవి ఇప్పుడు పులుల కోసం కాపాడే జాగ, 2,611 చదరపు కిలోమీటర్లు. మా రోజులల్ల లెక్క ఇష్టమొచ్చిన కాడ నెగడు పెట్టి పండుకుంటమంటె కుదరదు, కుదరొద్దు గూడ. అటవీ శాఖోళ్లు ఎక్కడ ఉండుమంటె అక్కడనే ఉండు, ఎక్కడ మంట వద్దంటె అక్కడ వద్దు. ఎండకాలం ఆకులల్ల పడ్డ ఒక్క నిప్పురవ్వ ఎలుగు చేసే దానికన్న ఎక్కువ చెరుపు చేస్తది.

ఒకవేళ ఎవరికన్న గోరు తగిలిందే అనుకో, ఆకుపసరు పూసుకుంట కూసోవద్దు. సబ్బుతోని నీళ్లు పోసి బాగ కడిగి, నెత్తురు కారకుండ గుడ్డ అదిమి, ఏ వేళైనా దవాఖానకు తీసుకపోవాలె. పిచ్చికుక్క సూదులు ఇయ్యాల్సి ఉంటది, డాక్టరే చెప్తడు.

ఇగ పోయి పండుకో. పొద్దు గూకక ముందే దిగు, తెల్లగ తెల్లారినంకనే నడువు. నలుగురు కలిసి పోండ్రి, నోరు మాత్రం మూసుకోకుండ్రి. చిన్నప్పటి సంది ఈ పిల్లగాడు వాగుడుకాయ అని నిన్ను ఇంటిల్లిపాది తిట్టినం గదా, నల్లమలల ఆ గుణమే నీకు అక్కరకొస్తది.